ఇద్దరు కొమరయ్యలు

ఆగస్టు 5, మంగళవారం

మూడోసారి కూడా కాదన్నారు. రికార్డు ఆఫీసు రీడింగ్ రూమ్ మేడమ్ ఈసారి తలెత్తి చూడను కూడా చూడలేదు. "డిగ్రీ పిల్లలకు ఫైళ్లు ఇయ్యమమ్మా. పీజీ వాళ్లకు, పీహెచ్‌డీ వాళ్లకే." ఆ రూలు ఎక్కడ రాసుందో చూపించమన్నాను. చూపించలేదు. నాతో చదివే రిజ్వానా నా చున్నీ పట్టుకుని బయటికి లాగింది.

బస్సెక్కాం. తను దబీర్‌పురాలో దిగాలి. దిగలేదు. మా గౌలిపుర దాకా నాతోనే వచ్చి, గల్లీ మొగదల నిలబడి అంది — "ఫికర్ నక్కో కర్, బాధపడకు. మళ్ల పోదాం."

పోతాం. ఆ మేడమ్‌కు నా ముఖం కలలో కూడా కనిపించాలి.

ఆగస్టు 8, శుక్రవారం

సుధాకర్ సర్ ఉత్తరం రాసిచ్చారు. ప్రిన్సిపల్ సంతకం, గుండ్రటి స్టాంపు, అన్నీ ఉన్నాయి. సర్ అడిగారు, టాపిక్ ఒక్క ముక్కలో చెప్పమని. గౌలిపుర పాలవాళ్లను బర్రెల కొట్టాలు ఊరి బయటికి మార్చుకోమన్నప్పుడు వాళ్లేం జవాబిచ్చారో... నిజాం కాలం సంగతి సర్. "కాగితం దొరుకుతుందా?" దొరుకుతుందో లేదో చూడటానికే కదా సర్, లోపలికి పోనియ్యమంటున్నాం. నవ్వారు.

అసలు కారణం ఆయనకు చెప్పలేదు. ఇక్కడ రాస్తాను.

ప్రతి ఏడూ దీపావళి అయ్యాక, పాలవాళ్ల పండుగ సదర్ నాడు మా గల్లీలోకి ఊరేగింపుగా దున్న వస్తుంది. దాని మెడలో మొదటి దండ పక్కింటి నర్సింహ తాత వాళ్లది. ఎందుకంటే ఆ రోజుల్లో వాళ్ల తాత "పోను" అన్నాడట. మా ముత్తాత "సరే" అన్నాడట. వాళ్ల తాత పేరు కొమరయ్య. మా ముత్తాత పేరూ కొమరయ్యే. అన్నదమ్ముల పిల్లలు, ఇద్దరికీ ఒకే పెద్దాయన పేరు పెట్టారు. పోనన్న కొమరయ్య ఎవరో, సరేనన్న కొమరయ్య ఎవరో కళ్లారా చూసినవాళ్లు ఎవరూ మిగల్లేదు. పోనన్నవాళ్లకు కూడా కొన్నేళ్లకు పోక తప్పలేదు. ఇప్పుడు గల్లీలో ఒక్క బర్రె లేదు. మా బాపు ట్రాలీ ఆటో నడుపుతాడు, నర్సింహ తాత కొడుకు ఫ్యాన్లు బాగుచేస్తాడు. సదర్ దున్న కూడా ఎక్కడి నుంచో లారీలో దిగుతుంది. దండ మాత్రం వాళ్లది.

బాపు ఆ రోజు గడప దాటడు. డప్పులు వినిపిస్తుంటే టీవీ చప్పుడు పెంచుతాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఇంతే. ఒక్క కాగితం దొరికితే చాలు.

ఆగస్టు 12, మంగళవారం

లోపలికి పోనిచ్చారు.

పెన్ను బయట. బ్యాగు బయట. నీళ్ల బాటిల్ బయట. ఫోటోలు తీయకూడదు. కాగితం మీద కాగితం పెట్టి దించకూడదు. పెన్సిల్, తెల్ల కాగితాలు, అంతే. రోజుకు మూడు ఫైళ్లు. మేడమ్ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, "పేజీ తడిగా చేసిన వేలితోని తిప్పితే మళ్ల రానియ్య" అన్నారు. సరే మేడమ్. ఏదన్నా సరే.

ఆగస్టు 14, గురువారం

ఆరు ఫైళ్లు. మురికి కాలువలు, దీపాల స్తంభాలు, కుక్కలు. బర్రె ఒక్కటీ లేదు.

ఆగస్టు 21, గురువారం

అంతా ఉర్దూ. నాకు మాట్లాడటం వచ్చు, అక్షరం రాదు. రిజ్వానా చదువుతుంది, నేను రాసుకుంటాను. ఆ గుమాస్తా రాత చూసి తనే తల పట్టుకుంటుంది — "యే క్యా లిఖ్యా రే బాబా, చీమలు నడిచినట్లు ఉన్నది." చెరువుల ఫైలు, మటన్ కొట్ల ఫైలు. కళ్లు మంటలు. ఆపేది లేదు.

సెప్టెంబరు 3, బుధవారం

దొరికింది. 

జాబితా పుస్తకంలో ఈ ఫైలు ఎదురుగా "పాలవారి అర్జీలు, కొన్ని పిచ్చిగీతలు" అని మాత్రమే ఉంది. లోపల రెండు పెద్ద కాగితాలు. మొదటి దాని మీద ఊరి బయటికి పోవడానికి ఒప్పుకున్నవాళ్లు. రెండో దాని మీద ఒప్పుకోనివాళ్లు. రిజ్వానా వేలు ఆనించకుండా గాలిలో వేలు జరుపుతూ చదివింది. మొదటి కాగితంలో — కొమరయ్య గౌలి, అంటే పాలవాడు. రెండో కాగితంలో — కొమరయ్య గౌలి. తండ్రి పేరు లేదు, ఇంటి గుర్తు లేదు. రిజ్వానా నా వైపు చూసింది. "అబ్ బోల్. నీ కొమరయ్య ఏది?"

ప్రతి పేరు పక్కనా ఆ పిచ్చిగీత. తమలపాకుల్లాంటివి రెండు పక్కపక్కన, ఒకదానికి చిన్న గాటు. కింద ఒక వంకర గీత. నేను చూస్తూ కూర్చున్నాను. చూస్తూ చూస్తూ ఉంటే తెలిసింది. అవి ఆకులు కావు. చెవులు. బర్రె చెవులు.

సంతకం రానివాళ్లు తమ బర్రెకు ఏ చెవి గాటు పెడతారో అది గీశారు. మందలో ఎవరి బర్రె ఎవరిదో తెలియడానికి ఇంటికో గాటు ఉండేదని నాయనమ్మ ఎన్నిసార్లు చెప్పలేదు. మనది ఎడమ చెవి కొసకు గాటు. నర్సింహ తాత వాళ్లది కుడి చెవి కొసకు. గల్లీలో ముసలివాళ్లందరికీ తెలిసిన సంగతే.

ఇన్నేళ్లు పెద్ద పెద్ద చదువులవాళ్లు పిచ్చిగీతలని పక్కన పెట్టినదాన్ని గౌలిపుర పిల్ల చదివింది. గర్వంగా ఉంది. ఉండనీ.

సెప్టెంబరు 6, శనివారం

నిమజ్జనం. రోడ్లన్నీ బంద్. రికార్డు ఆఫీసూ బంద్. పెన్సిల్‌తో దించుకొచ్చిన కాగితాలు ముందేసుకుని రోజంతా కూర్చున్నాను. అమ్మ కుట్టు మిషన్ ఆపి, "గా గీతల మీద అన్నం పెట్టాల్నా నీకు" అంది.

సెప్టెంబరు 10, బుధవారం

మొదటి కాగితం, ఒప్పుకున్న కొమరయ్య — గాటు ఎడమ పక్కన గీసిన చెవికి. రెండో కాగితం, ఒప్పుకోని కొమరయ్య — గాటు కుడి పక్కన గీసిన చెవికి.

మొదట చూడగానే పెన్సిల్ పక్కన పెట్టేశాను. ఎడమ అంటే మనదే కదా.

రిజ్వానా అడిగింది, "రుక్. లెఫ్ట్ అంటే ఎవరి లెఫ్ట్? మనదా, బర్రెదా?"

మంచి ప్రశ్న. గంటసేపు కొట్లాడుకున్నాం. చివరికి కింది వంకర గీత తేల్చింది. అది ముకుతాడు. సదర్ దున్న ముక్కుకు తాడు చూస్తూనే పెరిగాను నేను. ముకుతాడు ఉందంటే అది ముఖం. ముఖం ఉందంటే బర్రె మన వైపు చూస్తోంది. మనకు ఎడమ పక్కనున్నది దానికి కుడి చెవి. అంటే ఒప్పుకున్న కొమరయ్యది కుడి చెవి గాటు — వాళ్లది. ఒప్పుకోనివాడిది ఎడమ చెవి — మనది.

మనవాడే పోనన్నాడు.

రిజ్వానాను గట్టిగా పట్టుకున్నాను. మేడమ్ స్కేలుతో టేబుల్ మీద కొట్టారు.

సెప్టెంబరు 11, గురువారం

బాపుకు చెప్పాను. మూడుసార్లు ఆ గుర్తు గీయించుకున్నాడు. మూడోసారి గీసిన కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చెప్పులేసుకుని పోయి, జిలేబీ పొట్లంతో తిరిగొచ్చాడు. నాయనమ్మ నోట్లో మొదటి ముక్క తనే పెట్టాడు.

ఇంత సంతోషం మా బాపు ముఖంలో నేను చూడలేదు. రాస్తుంటే ఏడుపొస్తోంది.

సెప్టెంబరు 14, ఆదివారం

గల్లీ అంతా తెలిసిపోయింది. బాపు ఊరుకుంటాడా. చాయ్ హోటల్లో, కిరాణా కొట్లో, ఆఖరికి గుడి మెట్ల మీద కూడా. సదర్ కమిటీవాళ్లు నలుగురు ఇంటికొచ్చారు. నా కాగితాలు చూశారు. "సర్కారు కాగితమాయె. ఇగ లొల్లేమున్నది" అన్నారు. ఈ ఏడు మొదటి దండ మాది.

వాళ్లు పోయాక నర్సింహ తాత వచ్చాడు. లోపలికి రాలేదు. గడప అవతలే నిలబడ్డాడు. బాపు వైపు చూడలేదు, నన్నే చూశాడు.

"కాగితంల ఉన్నదా బిడ్డా?"

"ఉన్నది తాతా."

"నీ కండ్లతోని నువ్వు చూసినవా?"

"చూసిన."

"అట్లయితే సరే."

అంతే. తిరిగి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన ఇంట్లో ఈరోజు రేడియో మోగలేదు.

సెప్టెంబరు 25, గురువారం

కాలేజీలో మా ఇద్దరి పేపరుకు మొదటి స్థానం. దీపావళి తర్వాత పెద్ద సదస్సుకు పంపుతారు. సుధాకర్ సర్ సారాంశం అచ్చుకిచ్చేశారు. రిజ్వానా వాళ్ల అమ్మీ డబ్బా నిండా ఖుబానీ మీఠా పంపింది. బాపు అందరికీ తనే పంచాడు. నర్సింహ తాత గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగి, ముందుకు వెళ్లిపోయాడు.

అక్టోబరు 4, శనివారం

సదస్సు పేపరులో చెవి గాటు ఎలా పెట్టేవారో ఒక పేరా రాయాలి. నాయనమ్మను అడిగాను. తన మామ మా కొమరయ్య ముత్తాతే. కొత్త కోడలిగా వచ్చి ఆయన బర్రెలనే తోలింది. అప్పటికి అందరి కొట్టాలూ ఊరి బయటే. కళ్లకు శుక్లాలు, అయినా ముగ్గు డబ్బా తెమ్మంది. గచ్చు మీద గీసి చూపిస్తానంది.

చూపుడు వేలితో ముగ్గు వదులుతూ ముందు ఒక వంకర గీత గీసింది. దాని పైన రెండు చెవులు. ఎడమ పక్క చెవికి గాటు.

"ఇగో. గిది మనది."

నేను సవరించాను. "గాటు ఇటు దిక్కు పెట్టాలె నాయనమ్మా. బర్రె మొఖం మన దిక్కు ఉంటది గద."

"మొఖమెక్కడిది?"

"ఇది ముకుతాడు గద."

నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "పాలిచ్చే బర్రెకు ముకుతాడు ఏస్తరానే? గది తోక. బర్రెల ముంగట ఎవలు నడుస్తరు? మనం ఎన్కనే ఉంటం. ఎన్క నుంచి ఎట్ల కనవడితే గట్లనే గీస్తం."

తోక.

నా ముఖం చూసిందో, ఊపిరి విందో. "ఏమయిందే సంధ్యా?" ఏ కాగితం మీద గాటు ఏ పక్కనుందో తనకు తెలుసు, బాపు వందసార్లు చెప్పాడు. అర్థమైంది. అర్థమైన క్షణమే అరచేత్తో ముగ్గు మొత్తం తుడిచేసింది.

"నాకు యాది లేదు బిడ్డా. ముసల్దాన్ని. నేను జెప్పింది పట్టుకోకు."

అక్టోబరు 5, ఆదివారం

వెనక నుంచి చూస్తే ఎడమ పక్కది ఎడమ చెవే. ఒప్పుకున్నది మనవాడే.

అక్టోబరు 6, సోమవారం

ఒక్క ముసలామె మాట మీద తేల్చకూడదు. ముసలామె మాట కాదని వదిలేయకూడదు. మళ్లీ ఫైలు చూడాలి. భూతద్దం అడగాలి.

నిజానికి ఫైలు చూడకముందే నాకు తెలుసు. బర్రె వెనక నేనెప్పుడు నడిచానని. నేను చూసినవి సదర్ దున్నలు, ఎదురుగా వచ్చేవి, ముక్కుకు తాడుతో. పాలవాళ్ల ఇంట పుట్టాను, పాలు ప్యాకెట్లో చూశాను. గౌలిపుర పిల్ల చదివిందట. సిగ్గుగా ఉంది.

అక్టోబరు 7, మంగళవారం

మేడమ్ భూతద్దం ఇచ్చారు. వంకర గీత చివర మూడు చిన్న చిన్న గీతలు. మొదటి కాగితం మీద, రెండో కాగితం మీద, ప్రతి గుర్తుకూ. తోక కుచ్చు. పెన్సిల్‌తో దించినప్పుడు సిరా చిందిందనుకుని ఆ మూడూ నేనే వదిలేశాను. ఆ మూడూ లేని కాపీనే బాపు జేబులో ఉంది.

రిజ్వానాకు బయట మెట్ల మీద చెప్పాను. కోపమొచ్చింది. రావాల్సిందే. "ఎవరి లెఫ్ట్ అని నేను అడిగిన గద? అడిగినానా లేదా?" అడిగావు. చాలాసేపు కాలితో మెట్టును తన్నింది. తర్వాత నవ్వింది. "ముకుతాడు బోలే... దుమ్ నిక్లీ." ముకుతాడన్నది తోకై తేలిందని. నవ్వు ఆగలేదు తనకు. నాకూ ఆగలేదు. ఆ తర్వాత తనే కళ్లు తుడుచుకుని అంది — "పేపర్ మీద నా పేరు కూడా ఉన్నది సంధ్యా. మార్చాలె."

మారుస్తాం. ఇంకో సాక్షి కావాలి. గుర్తు గీయడం తెలిసినవాళ్లలో నాయనమ్మ కాక మిగిలింది ఒక్కరే.

అక్టోబరు 9, గురువారం

పక్కింటికి వెళ్లాను. గోడ అవతలి ఇంటికి పోవడానికి ఇన్ని అడుగులుంటాయని తెలీదు.

నర్సింహ తాత మంచం మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. మీ బర్రెల గుర్తు గీసి చూపించమన్నాను. ఎందుకో చెప్పలేదు. చెబితే సాక్ష్యం చెడుతుందని సర్ నేర్పారు.

"ఇప్పుడెందుకు బిడ్డా, అయిపాయె గద."

"మీ తాత ఎట్ల గీస్తుండెనో అచ్చం గట్లనే గీయి తాతా."

నా పెన్సిల్ తీసుకున్నాడు. ముందు తోక గీశాడు. కొసకు మూడు వెంట్రుకలు పెట్టాడు. తర్వాత చెవులు. గాటు కుడి పక్క చెవికి.

"తోక ముందుగాల్ల ఎందుకు తాతా?"

"పొద్దుందాక చూసేది గదే గద."

రెండో కాగితం, ఒప్పుకోని కొమరయ్య గుర్తు, గీతకు గీత. పెన్సిల్ తిరిగిస్తూ నన్ను చూశాడు. తెలివైనవాడు. నేను చెప్పనవసరం లేకపోయింది.

"మీ బాపుకు ఎరికేనా?"

"లేదు."

"చెప్తవా?"

"చెప్త."

కళ్లద్దాలు తీసి, లుంగీ అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. "జర ఆగు బిడ్డా. సదర్ అయినంక చెప్పు. మావోళ్లు ఇన్నేండ్లు దండ ఏసిన్రు. ఒక్కపారి వాన్ని ఎయ్యనీ. చిన్నప్పటి సంది చూస్తున్న, గా రోజు ఇంట్లకెల్లి ఎల్లడు వాడు."

ఇంతకాలం ఈ మనిషిని పొగరుబోతు అనుకున్నాం మా ఇంట్లో.

అక్టోబరు 10, శుక్రవారం

ఆగితే ఏమవుతుంది. పన్నెండు రోజులు. బాపు ఒక్కసారి దండ వేస్తాడు. దండ పోగొట్టుకున్నవాళ్లే వేయనియ్యమంటున్నారు. తర్వాత చెప్పొచ్చు.

తర్వాత చెప్పను. నా సంగతి నాకు తెలుసు. ఒకసారి ఆగితే ఇక ఎప్పటికీ ఆగిపోతాను.

సుధాకర్ సర్‌కు మాత్రం ఈరోజే చెప్పేశాను. అచ్చయిన సారాంశం టేబుల్ మీదే ఉంది. దాన్ని తిప్పి బోర్లించారు. ఇక బహుమతీ లేదు, సదస్సూ లేదు అనుకున్నాను. "తప్పెలా చేశారో అది కూడా రాయండి. ముకుతాడు అనుకున్నదీ, మూడు గీతలు వదిలేసినదీ. ఒక్కటి దాచొద్దు." సదస్సువాళ్లు ఒప్పుకుంటారో లేదో అడుగుతానన్నారు.

అక్టోబరు 12, ఆదివారం

చెప్పాను.

బాపు వాకిట్లో ఆటో కడుగుతున్నాడు. మొదటి నుంచి చెప్పాను, తోక, కుచ్చు, ముకుతాడు. చేయి ఆపలేదు.

"మీ నాయనమ్మకు కండ్లు సక్కగ కనవడయి."

"నర్సింహ తాత కూడా గట్లనే గీసిండు బాపూ."

"ఆనికి ఎందుకు చెప్పినవ్?"

"నేను చెప్పలే. ఆయనే తెల్సుకున్నడు. సదర్ దాక నీకు చెప్పొద్దన్నడు. నిన్నే దండ ఎయ్యనియ్యమన్నడు."

అప్పుడు చేయి ఆగింది. బకెట్‌లోకి గుడ్డ వేసి నిలబడ్డాడు. "మరి ఎందుకు చెప్పినవ్?"

"తప్పు చదివింది నేను. నీ జేబుల ఉన్నది నేను గీసిందే."

జేబులోంచి ఆ కాగితం తీశాడు. చింపుతాడనుకున్నాను. తడి చేతులు, అంచులు నానాయి. నా చేతిలో పెట్టి, కడిగిన చక్రాన్నే మళ్లీ కడగడం మొదలుపెట్టాడు.

నేనే ఇచ్చాను, నేనే లాక్కున్నాను. ఈ పాపం నాదే. అయినా అబద్ధం మెడలో వేసుకుని బాపు గల్లీలో నిలబడటం చూడలేను.

అక్టోబరు 13, సోమవారం

బాపు నాతో మాట్లాడలేదు. అమ్మతో కూడా. అన్నం తిన్నాడు, అదొక్కటే.

అక్టోబరు 14, మంగళవారం

రికార్డు ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాం. జాబితా పుస్తకంలో ఈ ఫైలు దగ్గర పిచ్చిగీతలు అన్న మాట తీసేసి, పశువుల చెవి గుర్తులని రాయాలి. వాటిని వెనక నుంచి చదవాలని కూడా చేర్చాలి. మాలాంటివాళ్లు ఇంకెవరొచ్చినా ఎదురుగా నిలబడి చదవకూడదు.

మేడమ్ మొత్తం చదివారు. "తోకనా ఇది?" అని మొదటిసారి మా ముందు నవ్వారు. పై ఆఫీసుకు పంపాలట. ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేరట. తర్వాత అడిగారు, "మీ ఇంటి గుర్తు ఏదమ్మా?"

మొదటి కాగితం చూపించాను. ఎడమ పక్క చెవి.

"అంటే మీవాళ్లు ఒప్పుకున్నోళ్లు."

"అవును మేడమ్. ఒప్పుకున్నోళ్లం."

బయటి మనిషి ముందు ఆ మాట మొదటిసారి అన్నాను. నాలుకేమీ తెగిపడలేదు.

ఎందుకు ఒప్పుకున్నాడో కాగితంలో లేదు. ఇంకో ఫైలుకు చీటీ పెట్టాను. "దొరకలేదు" అని తిరిగొచ్చింది. మళ్లీ పెడతాను.

అక్టోబరు 17, శుక్రవారం

నాయనమ్మ తనంతట తనే మొదలుపెట్టింది. బాపు లోపలి గదిలో ఉన్నాడు, అయినా గొంతు తగ్గించలేదు. నన్ను చూస్తూనే, లోపలి గది గోడకు వినిపించేలా చెప్పింది.

"మా మామ మాట తక్కువ మనిషి. ఎందుకు పోయిండో ఎవలకు చెప్పలే. నేను అడగలే. కని గీ గల్లీల గడ్డెక్కడిది? బయట మస్తు గడ్డి ఉండె, నీళ్లుండె. బర్రె కడుపు నిండుతదని పోయిండేమో. పోతే గంత తప్పా?"

ఏమో. అలాగే అయి ఉండాలని నాకూ ఉంది. అలా ఉండాలని ఉంది కాబట్టే పేపరులో రాయను. ఒకసారి చాలు.

లోపల టీవీ చప్పుడు ఎప్పుడు ఆగిందో గమనించలేదు.

అక్టోబరు 19, ఆదివారం

బాపు కమిటీవాళ్ల దగ్గరికి పోయాడట. అమ్మ చెప్పింది. ఏం మాట్లాడాడో తెలీదు.

అక్టోబరు 20, సోమవారం

దీపావళి. గోడ అవతలా ఇవతలా టపాసులు. రిజ్వానా వచ్చి, మా చిచ్చుబుడ్లు అన్నీ తనే కాల్చేసి పోయింది.

అక్టోబరు 21, మంగళవారం

సదస్సు నుంచి జవాబు రాలేదు. పై ఆఫీసు నుంచి రాలేదు. రెండో చీటీకీ రాలేదు.

సాయంత్రం ఆటో వాకిట్లో ఆగింది. వెనక తడి గోనెపట్టా కింద దండ. బంతిపూలు, మధ్యలో ఎర్ర గులాబీలు. బాపు దించుతుంటే నేను పోయి ఒక పక్క పట్టుకున్నాను. నా నడుము కంటే లావుంది. పెద్ద తొట్టెలో చుట్ట చుట్టి పెట్టి, నీళ్లు చల్లి, తడిగుడ్డ కప్పాడు.

తొమ్మిది రోజుల తర్వాత నాతో మాట్లాడాడు.

"రేపు కాలేజీ ఉన్నదా?"

"లేదు బాపూ."

"దున్న వస్తే ముంగట నిలవడకు. నాతోని ఎన్క నడువు."

"నువ్వొస్తున్నవా?"

గోడ అవతల నర్సింహ తాత రేడియో మోగుతోంది. బాపు కాసేపు ఆ గోడ వైపు చూసి, తడిగుడ్డ ఇంకొంచెం సర్ది, చేతులు కడుక్కోవడానికి పోయాడు.

అంత దండ ఒక్కరితో లేచేది కాదు. రెండో కొస ఎవరు పట్టుకుంటారో నేను అడగలేదు.